మెడ బొత్తం ఎత్తు

మార్చి 3, మంగళవారం

అది కాదట. డాక్టరు ఎక్స్‌రే ఫొటోను వెలుగు పెట్టె మీద పెట్టి, పెన్సిలు మొనతో వెన్నులో ఒక్కో పూసా చూపిస్తూ "అరుగుదల అండీ, వయసుతో వచ్చేదే. ఇంకేం లేదు" అన్నాడు. ఇంకోసారి చెప్పమన్నాను. చెప్పాడు. మూడోసారి కూడా వినాలని ఉంది కానీ బయట చాలామంది కూర్చుని ఉన్నారు.

నవంబరు 11న నడుము పట్టేసింది. ఇవాళ్టికి 112 రోజులు. ఈ 112 రోజుల్లో అక్క గురించి ఇక్కడ ఒక్క మాట రాయలేదు. అక్కను తీసుకుపోయిన జబ్బూ నడుము నొప్పితోనే మొదలైంది. ఇప్పుడు రాయవచ్చు, రాశాను, అయిపోయింది.

ఒక్క లోపం. ముందు గదిలో ఎత్తూ బరువూ చూసే నర్సు నా ఎత్తు 152 అని రాసింది. నేను 158. పద్దెనిమిదో ఏట ఉద్యోగానికి కొలిచినప్పటి నుంచీ 158.

"గోడకు బిగించిన కొలబద్దమ్మా, అది అబద్ధం ఎందుకాడుతుంది" అంది.

"ఆరు సెంటీమీటర్లు పైకి బిగించి ఉంటారు."

"నేను ఉద్యోగంలో చేరకముందు నుంచీ అట్లాగే ఉంది. అందరినీ దానికిందే నిలబెడుతున్నాం."

"అయితే అందరివీ తప్పే."

నర్సు 152 కింద గీత గీసింది. మా ఆయన పక్క బెంచీ మీదే ఉన్నారు. నలభై ఆరేళ్లు కుట్టుమిషను మీద కూర్చున్న మనిషి, కొలతల్లోనే బతికిన మనిషి, నా పక్షాన ఒక్క ముక్క చెప్పవచ్చు. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. బయట సైకిల్ స్టాండు తప్ప ఏమీ లేదు.

మార్చి 4, బుధవారం

రెండు పూటలా కడుపునిండా తిన్నాను. ఆయన మూడుసార్లు "ఇంకాస్త" అన్నారు. మూడుసార్లూ పెట్టించుకున్నాను.

మార్చి 5, గురువారం

టేకు తోపు. చెట్ల చుట్టుకొలతలు, 1 నుంచి 40 వరకు. ఉదయం 7:10కి మొదలు, 11:35కి పూర్తి. ముప్పై ఒకటో ఏడు.

కొత్త కోటు బాగా కుదిరింది. ముళ్లకు ఏటా ఒక కోటు పోతుంది, ఆయన ఏటా ఫిబ్రవరిలో ఇంకోటి కుడతారు.

రాయడానికి మనవరాలు వచ్చింది. పరిశోధన కేంద్రంలో ఉద్యోగం వచ్చినప్పటి నుంచీ అక్కడి పద్ధతులు నా మీద ప్రయోగిస్తోంది. ఇవాళ ఒక కర్ర తెచ్చింది. 137 సెంటీమీటర్ల దగ్గర ఎర్ర గీత.

"అమ్మమ్మా, దీన్ని చెట్టుకు ఆనించి గీత దగ్గర టేపు చుట్టడమే. నువ్వు తల కూడా ఎత్తక్కర్లేదు."

"కర్ర మెత్తటి మన్నులో ఎంత దిగుతుంది?"

"మహా అయితే ఒక సెంటీమీటరు."

"నా కాళ్లు దిగవు."

"సరే, నీ కాళ్లకో దండం" అని కర్ర పక్కన పడేసింది.

ఇరవై తొమ్మిదేళ్ల కిందట ఇక్కడ ప్రతి చెట్టుకూ 137 దగ్గర రంగు పట్టీ వేసేవాళ్లం. ఆ పట్టీలు చూసి నరికే చెట్ల గుర్తులనుకుని కాంట్రాక్టరు మనుషులు ఒక్క పూటలో పదకొండు టేకులు పడగొట్టారు. యాభై ఒకటి ఉండేవి, నలభై మిగిలాయి. ఆ రోజే రంగు మాన్పించాను. అద్దం ముందు నిలబడి చూసుకుంటే కోటు మెడ బొత్తం నేల నుంచి సరిగ్గా 137 ఉంది. అప్పటి నుంచీ చెట్టుకు ఎదురుగా నిలబడతాను, బొత్తానికి ఎదురుగా టేపు చుడతాను, చదువుతాను, మళ్లీ చుట్టి మళ్లీ చదువుతాను. రెండూ కలిస్తేనే రిజిస్టరులోకి. కర్ర విరగవచ్చు, రంగు చెరగవచ్చు. నేను ఉన్నంతకాలం బొత్తం ఉంటుంది.

10 గంటలకు మనవరాలు పైకి చూస్తూ, "17 నుంచి 25 దాకా కొసలన్నీ ఎండిపోయాయి అమ్మమ్మా. పోయినేడు ఇంత లేదు" అంది.

"నేను కొలిచేది కింద."

"కింద పెరుగుతూ పైన ఎండుతుందా?"

"రాయి. 26. పదకొండు వందల నాలుగు."

రాసింది.

మార్చి 6, శుక్రవారం

కలగలుపు తోపు. టేకు 14, నేరేడు 13, కానుగ 13. మొత్తం 40. కాలు పెట్టే చోటు ఉండదు, ఒకదాని కొమ్మ ఇంకోదాని భుజం మీద. ఎప్పుడూ నాకు నచ్చని తోపు. టేకు తోపులో ఒక మూల నిలబడితే వరుసలు వరుసలుగా చివరిదాకా కనపడుతుంది. ఇక్కడ ఏది ఎక్కడుందో ముప్పై ఒక్క ఏళ్ల తరువాత కూడా వెతుక్కోవాలి.

7:05 నుంచి 12:20. నడుము నొప్పి ఉంది, భయం లేదు. భయం లేని నొప్పి ఇంత తేలిక అని తెలియదు.

మార్చి 7, శనివారం

కూడికలు పూర్తి. ఆరేళ్లలో టేకు తోపు చెట్ల చుట్టుకొలత సగటున 19 మిల్లీమీటర్లు పెరిగింది. కలగలుపు తోపుది 21. అంటే దాదాపు సమానం. సంతోషం.

మనవరాలి నివేదికకు ఈ రెండు అంకెలే ప్రాణం. మూడు కరువులు చూశాం. మొదటిది పందొమ్మిదేళ్ల కిందట: రెండు తోపులూ ఆగిపోయాయి, రెండూ ఏడాదిలో కోలుకున్నాయి. రెండోది పదకొండేళ్ల కిందట: కలగలుపు తోపుకు తేరుకోవడానికి రెండేళ్లు పట్టింది, టేకు తోపుకు నాలుగు. మూడోది వరసగా రెండేళ్లు, అయిదేళ్ల కిందట మొదలైంది. దెబ్బ మీద దెబ్బ పడితే ఒకే జాతి తోపు ఇక లేవదని కేంద్రంలో అందరూ అన్నారు. అన్ని వేళ్లూ ఒకే లోతున ఒకేసారి నీళ్లకు ఎగబడతాయి కనక, పక్కవాడు తాగకుండా వదిలేది ఏమీ ఉండదు కనక. వినడానికి బాగుంది. కానీ లేచింది. నా రిజిస్టరు చెప్తోంది.

24న కమిటీ కూర్చుంటుంది. తూర్పు వాలు మీద మూడో కరువుకు ఎండిపోయిన మూడు వందల ఎకరాల్లో ఏం నాటాలన్నది ఆ రోజు తేలుస్తారు. తేడా లేదని తేలితే టేకు ఒక్కటే నాటతారు. ఖర్చు తక్కువ, చూడటానికీ అందం. ముప్పై ఏళ్లకు గాని అక్కడ ఇంకోటి నాటరు.

మార్చి 8, ఆదివారం

వరండాలో అద్దం ఎవరో పైకి జరిపారు. తల దువ్వుకోవడానికి మునివేళ్ల మీద నిలబడవలసి వస్తోంది. ఆయన్ని అడిగితే, "అద్దం జోలికి నేనెందుకు పోతాను" అన్నారు.

మార్చి 10, మంగళవారం

ఆసుపత్రికి ఫిర్యాదు రాశాను. కొలబద్ద తప్పని, రోజుకు కనీసం అరవై మందికి తప్పు ఎత్తు రాస్తున్నారని, వెంటనే సరిచేయాలని. రుజువుగా నా సరైన ఎత్తు జతపరచాలి కదా. తలుపు పక్క గోడకు ఆని నిలబడి, తల మీద పుస్తకం పెట్టి గీత గీశాను. ఆయన గుడ్డ టేపుతో కొలిచాను. 152.

గుడ్డ టేపులు వాడగా వాడగా సాగుతాయి. సాగిన టేపు తక్కువ చూపిస్తుంది.

స్టీలు టేపు. 152.

మార్చి 11, బుధవారం

ఫిర్యాదు పంపలేదు.

మార్చి 12, గురువారం

అలమర సర్దాను. పై అరలో ఉన్నవి కింది అరలోకి మార్చాను. పై అరకు చేయి అందుతుంది, ఊరికే మార్చాను.

నడుము నొప్పి బాగా తగ్గింది. డాక్టరు ఇంకో మాట కూడా అన్నాడు, ఆ రోజు సంతోషంలో రాయలేదు. పూసలు అరిగినప్పుడు కుంగుతాయి, మనిషి కాస్త తగ్గుతాడు, అందులో కంగారు పడవలసింది లేదు అన్నాడు. నిజమే. ఎత్తుతో నాకేం పని. ఈ వయసులో ఎవరికి చూపించాలి.

సాయంత్రం నాలుగింటికి చల్లగాలి వస్తే కోటు వేసుకున్నాను. బొత్తాలు కింది నుంచి పైకి పెట్టుకుంటూ వచ్చి, మెడ దగ్గర చేయి ఆగింది.

నేల నుంచి మెడ బొత్తం: 131.

మార్చి 13, శుక్రవారం

ఒక్కదాన్నే వెళ్లాను. కర్ర తీసుకువెళ్లాను. టేకు తోపు, ఒక్కో చెట్టూ రెండు ఎత్తుల్లో.

1వ చెట్టు. 137 దగ్గర: 1012. 131 దగ్గర: 1028.
2వ చెట్టు. 968. 981.
3వ చెట్టు. 1043. 1060.

పదో చెట్టు దాకా చూశాను. సగటు తేడా 15 మిల్లీమీటర్లు. టేకు మొదలు దగ్గర మడతలు పడి బలుస్తుంది, కిందికి పోయేకొద్దీ లావు. 137 దగ్గర కొలవమని రూలు పెట్టిందే ఆ బలుపు తగలకూడదని. నేనే ఎంతమందికి నేర్పాను.

ఆరేళ్లలో 19 పెరిగాయి అనుకున్నవి, 15 పోతే 4.

నలభై చెట్లలో పదే చూశాను. పది చూసి నలభైకి చెప్పకూడదు. మిగతా ముప్పై వేరేగా ఉండవచ్చు. పైగా కుంగడం ఎప్పుడు జరిగిందో ఎవరికి తెలుసు. ఈ నవంబరులోనే, నడుము పట్టేసినప్పుడే జరిగి ఉంటే ఈ ఒక్క ఏటి కొలతే పోతుంది, మిగతా అయిదూ నిలుస్తాయి. ఒక్క ఏడు పెద్ద విషయం కాదు.

17వ చెట్టు కింద కూర్చుని పైకి చూశాను. ఎన్నేళ్లయిందో పైకి చూసి.

మార్చి 14, శనివారం

ఏమీ రాయడానికి లేదు.

మార్చి 15, ఆదివారం

మనవరాలు మధ్యాహ్నం భోజనానికి వచ్చింది. నివేదిక తెచ్చి, ప్లేటు పక్కకు నెట్టి చదివి వినిపించింది. ముందుమాటలో నా గురించి ఉంది. "ముప్పై ఒక్క ఏళ్లుగా ఒకే చేతితో, ఒకే పద్ధతిలో, ఒక్క పొరపాటు లేకుండా" అని.

"ఎట్లా ఉందమ్మమ్మా?"

"'ఒకే' అన్న మాట రెండుసార్లు వచ్చింది. ఒకటి తీసెయ్."

"అంతేనా?"

"అంతే."

"తాతయ్యా, విన్నావా? ముప్పై ఒక్క ఏళ్లకి అమ్మమ్మ మెచ్చుకుంది."

ఆయన నన్ను చూశారు. నేను మంచినీళ్ల గ్లాసు చూశాను. ముద్ద కంచంలోనే వదిలి, నడుము నొప్పి అని లేచిపోయాను. నడుము నొప్పి లేదు.

కమిటీకి పెద్ద ఆఫీసరు ఒకప్పుడు నా దగ్గర పని నేర్చుకున్నవాడు. ఈ అంకెలు ఎంతవరకు నమ్మొచ్చని అందరి ముందూ అడుగుతాడు. అడగవలసిందే, నేనైనా అడుగుతాను.

ఇంకా తొమ్మిది రోజులుంది.

మార్చి 16, సోమవారం

ఆయనతో చెప్పాను. ఇస్త్రీ బల్ల దగ్గర ఉన్నారు. నిలబడే చెప్పాను, పిల్లలు పాఠం అప్పజెప్పినట్టు. ఎత్తు తగ్గింది, బొత్తం తగ్గింది, టేపు కిందికి వచ్చింది, చెట్లు పెరిగినట్టు కనపడ్డాయి, పెరగలేదు. ఎప్పటి నుంచో తెలియదు. అది తెలియకపోతే ఏ ఏడాది ఎంత తప్పో లెక్క కట్టలేను, ఆరేళ్లూ పారేయాలి.

ఆయన ఇస్త్రీపెట్టె పక్కన పెట్టారు. మిషను సొరుగు లాగి, దారపుండల కింద నుంచి కొలతల పుస్తకం తీశారు. నూనె మరకలు, సుద్ద, అంకెల మీద అంకెలు. అలాంటి పుస్తకం నా ఆఫీసులో ఎవరైనా తెస్తే బయట నిలబెట్టేదాన్ని. వేలు తడి చేసుకుని పేజీలు తిప్పి నా ముందు పెట్టారు. పేజీ పైన పేరు లేదు. "రిజిస్ట్రారు గారు" అని ఉంది.

"ఎవరు ఈ రిజిస్ట్రారు?"

"ఈ ఇంట్లో ఎంతమంది ఉన్నారేమిటి."

ప్రతి ఫిబ్రవరికీ ఒక వరస. భుజం, చేయి, నడుము. చివర, నేల నుంచి మెడ బొత్తం. చాలా ఏళ్లు 137. తరువాత 136. 135. 134. 133. 132. ఈ ఫిబ్రవరి, 131.

కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"మీకు ఆరేళ్ల నుంచీ తెలుసా?"

"టైలర్ని. తెలియకుండా ఎట్లా ఉంటుంది?"

"నాతో ఒక్క మాట అనలేదేం?"

"అన్నాను. మొదటి ఏడే అన్నాను, కోటు సెంటీమీటరు పొట్టి చెయ్యాలే అని. నా టేపు పాడైపోయిందన్నావు. కొత్తది కొన్నాను. దానికీ అదే వచ్చింది. అదీ పాడైందన్నావు. ఇంట్లో టేపులు పెట్టుకునే చోటు లేక ఊరుకున్నాను."

"ఊరుకుని?"

"ఊరుకుని ఏటా ఒక సెంటీమీటరు కత్తిరించాను. అంచు కాళ్లకు అడ్డం పడితే? కొండల్లో తిరిగే మనిషివి."

"ఆ బొత్తంతో చెట్లు కొలుస్తానని మీకు తెలుసు కదా."

"నాకేం తెలుసు? బొత్తం కోటు మూసుకోవడానికి అనుకున్నాను."

నవ్వు వచ్చింది. నాలుగు రోజుల తరువాత. నవ్వుతుంటే ఆయన కంగారుపడి మంచినీళ్లు తెచ్చారు. ఆ మరకల పుస్తకంలో ఆరేళ్లూ ఉన్నాయి, ఏ ఏడాది ఏ ఎత్తున టేపు చుట్టానో సెంటీమీటరుతో సహా. ప్రతి చెట్టునూ ఇప్పుడు ఆ ఏడు ఎత్తుల్లోనూ కొలిస్తే, ఏ ఎత్తుకు ఎంత లావో తెలుస్తుంది. ఆ తేడాలు తీసేస్తే పాత కొలతలన్నీ సరిదిద్దవచ్చు. పారేయనక్కర్లేదు.

"పుస్తకం నాకు ఇవ్వండి, కమిటీ అయ్యాక తిరిగి ఇస్తాను" అన్నాను.

"రసీదు రాసిస్తావా?"

రాసిచ్చాను. సొరుగులో పెట్టుకున్నారు.

మార్చి 17, మంగళవారం

మనవరాలి ఆఫీసుకు వెళ్లాను. తలుపు వేయమన్నాను.

"కూర్చుని చెప్పు అమ్మమ్మా, నువ్వు అట్లా నిలబడితే భయమేస్తోంది."

కూర్చుని చెప్పాను. మధ్యలో అడ్డురాలేదు. అయ్యాక తాతయ్య పుస్తకం తిప్పి చూసింది, నా రిజిస్టరు తీసింది, రెండూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు వేలితో వరసలు పోల్చుకుంది.

"నీకు ఎప్పుడు తెలిసింది?"

"పన్నెండున."

"ఆదివారం నేను ముందుమాట చదివినప్పుడు?"

"తెలుసు."

"తెలిసి 'ఒకే' రెండుసార్లు వచ్చిందన్నావు."

"అన్నాను."

కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడింది. నా వైపు వీపు పెట్టి మాట్లాడింది. "రెండేళ్ల నుంచీ నాకు ఆ ఎండు కొమ్మలు కనపడుతూనే ఉన్నాయి అమ్మమ్మా. ఆకు ముందే రాలిపోవడం కూడా. రాసుకున్నాను కూడా. తరువాత నీ అంకెలు చూసి, నా కళ్లే తప్పనుకుని కొట్టేశాను."

ఆరేళ్లు పోయినందుకు ఇంత కష్టం కలగలేదు.

"అది మళ్లీ రాయి" అన్నాను. "నీ పేరుతో రాయి. నేను 'కింద' అన్నానని కూడా రాయి."

తిరిగి వచ్చి కూర్చుంది. ముక్కు తుడుచుకుంది. కాగితం లాక్కుని లెక్క వేసింది: ఎనభై చెట్లు, ఒక్కోటి ఏడు ఎత్తులు, 560 కొలతలు. ఇద్దరు మనుషులు, మూడు రోజులు.

"నివేదికలో కారణం ఏమని రాయను? పరికర లోపం అని పెట్టనా? ఎవరూ ఏమీ అనరు."

"పరికరం కాదు, నేను."

"నువ్వే కదా అమ్మమ్మా పరికరం."

"అయితే ఏ పరికరమో కూడా రాయి. కొలిచే మనిషి ఎత్తు తగ్గడం. ఏడాదికి ఒక సెంటీమీటరు. ఆధారం, దర్జీ పుస్తకం."

"దర్జీ పుస్తకం ఆధారమంటే కమిటీలో నవ్వుతారు."

"నవ్వనీ. తేదీలు ఉన్నాయి."

ఇంటికి నడిచే వచ్చాను. బస్సు వచ్చింది, ఎక్కలేదు.

మార్చి 20, శుక్రవారం

560 పూర్తి. మనవరాలు కర్ర పట్టుకుని కొలిచి చెప్పింది, నేను రాశాను. మన్నులో దిగకుండా కర్ర కింద చిన్న రేకు బిళ్ల పెట్టుకుంది. ఆ ఉపాయం నాకు తట్టలేదు.

మార్చి 21, శనివారం

సరిచేసిన లెక్క. టేకు తోపు, ఆరేళ్లలో 4 మిల్లీమీటర్లు. కలగలుపు తోపు, 16.

మూడుసార్లు కూడి చూశాను. మనవరాలు వేరేగా కూడింది. ఒకటే వచ్చింది.

కలగలుపు తోపులో అన్నీ ఒక తీరుగా లేవు. టేకు 20, కానుగ 18, నేరేడు 9. టేకుల పక్కనున్న నేరేళ్లు బాగా దెబ్బతిన్నాయి, నీళ్ల దగ్గర టేకుదే పైచేయి అయినట్టుంది. కలిపి నాటితే అందరూ సుఖంగా ఉంటారని కాదు. కానీ టేకు సంగతి చూస్తే, తనవాళ్ల మధ్య 4, పరాయివాళ్ల మధ్య 20. మొదటి కరువులో ఈ తేడా లేదు. రెండోదాంట్లో కొంచెం కనపడింది. మూడో దెబ్బకు గాని పూర్తిగా బయటపడలేదు. సరిగ్గా ఆ మూడోదాన్నే నా బొత్తం కప్పేసింది.

నాకు టేకు తోపు అంటే ఇష్టం. ఇష్టమైన జవాబు వచ్చింది కనక మళ్లీ చూసుకోలేదు. కలగలుపు తోపుకు 19 వచ్చి టేకుకు 21 వచ్చి ఉన్నా చూసుకునేదాన్ని కాదు. టేకుకు 4 వచ్చి ఉంటే ఆ రోజే కర్ర పట్టుకుని పరుగెత్తేదాన్ని.

మార్చి 24, మంగళవారం

కమిటీ. పది మంది, పొడవాటి బల్ల, ఫ్యాను తిరుగుతూ కాగితాలు ఎగరగొడుతోంది. మనవరాలు మాట్లాడకముందే లేచి నిలబడ్డాను. కాగితం చూడకుండా చెప్పాను. ఆరేళ్ల కొలతలు తప్పు, ఎందుకు తప్పో ఇది, ఎవరివల్లో ఇది, సరైనవి ఇవి. నాలుగు నిమిషాలు పట్టింది.

ఎవరూ నవ్వలేదు. దర్జీ పుస్తకం చేతులు మారుతూ బల్ల చుట్టూ తిరిగింది. ఒకాయన పేజీ మీది మాట చదివి, "రిజిస్ట్రారు గారంటే..." అన్నాడు. "నేనే" అన్నాను. అప్పుడు నవ్వారు.

పెద్ద ఆఫీసరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అమ్మగారూ, ఒక్క మాట. సరిచేసిన ఆరేళ్లని ఎంతవరకు నమ్మొచ్చు?"

"ఒక మిల్లీమీటరు అటూ ఇటూ. అంతకు ముందు పాతికేళ్లవి పూర్తిగా నమ్మవచ్చు. అప్పటికి నేను 158."

"మీరు చెప్పకపోతే మాకు తెలిసేది కాదు."

"ఇప్పుడైతే తెలిసేది కాదు. ముప్పై ఏళ్లకు తెలిసేది, మూడు వందల ఎకరాల్లో."

తరువాత మనవరాలు లేచింది. ఎండిన కొసల ఫొటోలు, చెట్టు నంబర్లతో సహా, గోడ మీద చూపించింది. గొంతు మొదట్లో వణికింది, మూడో ఫొటోకి సర్దుకుంది. ఒకాయన ఖర్చు ఎక్కువవుతుందన్నాడు. ఆమె, "రెండుసార్లు నాటితే ఇంకా ఎక్కువవుతుందండీ" అంది. నేను నేర్పిన జవాబు కాదు. బాగుంది.

12:40కి తేల్చారు. తూర్పు వాలు మీద ఒకే జాతి నాటరు. మూడు నాలుగు రకాలు కలిపి నాటతారు. నేరేడుకూ టేకుకూ మధ్య ఎడం ఉంచుతారు. మనవరాలు చూసుకుంటుంది.

లేచేటప్పుడు పెద్ద ఆఫీసరు దగ్గరికి వచ్చి, మెల్లగా, "ఆ ఆరేళ్ల పేజీలు తీసేసి సాపు కాపీ ఒకటి రాసిచ్చెయ్యండి అమ్మగారూ. దస్త్రంలో అదే పెడతాను. అందరికీ ఎందుకు కనపడాలి" అన్నాడు. మంచిమనసుతోనే అన్నాడు.

"పేజీ తీయకూడదు" అన్నాను. "తప్పును కనపడేలా కొట్టేసి, పక్కన ఒప్పు రాసి, తేదీ వేసి సంతకం పెట్టాలి. నీకు నేర్పలేదా?"

"నేర్పారు" అన్నాడు. చేతులు వెనక కట్టుకుని నిలబడ్డాడు, ఇరవై ఏళ్ల వాడిలా.

బయట ఆయన ఉన్నారు, రమ్మనలేదు, వచ్చారు. "ఏమైంది?" అన్నారు.

"కలిపి నాటతారట."

"మరి నిన్ను?"

"నన్ను ఏం చేస్తారు. ఆరేళ్లు కొట్టేసుకోవాలి."

"పోనీలే, వయసు తగ్గుతుంది" అన్నారు. దారంతా తన జోకుకు తనే నవ్వుకుంటూ నడిచారు.

మార్చి 25, బుధవారం

రిజిస్టరు భోజనాల బల్ల మీద పరిచాను. ఎర్ర సిరా, స్కేలు. ఆరేళ్లు, ఎనభై చెట్లు, 480 అంకెలు. ఒక్కో అంకె మీద ఒక్క గీత, కింది అంకె చదవడానికి వచ్చేలా. పక్కన సరైన అంకె. ఆయన ఎదురుగా కూర్చుని సరిచేసిన జాబితా చదివారు, నేను రాశాను. ఆయన గొంతు బొంగురు, మధ్యలో రెండుసార్లు వరస తప్పారు, రెండుసార్లూ ఆయనే పట్టుకుని వెనక్కు వచ్చారు.

"ఇంకెన్ని?"

"మూడు వందల పది."

"ముప్పై ఒక్క ఏళ్లలో నీ పుస్తకంలో ఎర్ర సిరా చూడటం ఇదే మొదలు. గీత వంకర పోవడం లేదే."

నేనూ అదే చూస్తున్నాను. మొదటి పది గీతలకూ స్కేలు రెండేసిసార్లు సరిచూసుకుని గీశాను. యాభై దగ్గర గమనించలేదు. రెండు వందల దగ్గర, ఏ చెట్టుకు ఎంత తేడా వస్తుందో ముందే ఊహించి, జాబితాతో సరిపోయిందా అని చూసుకోవడం మొదలుపెట్టాను. 17వ చెట్టు దగ్గర ఆగాను. ఆరేళ్లకు కలిపి ఒక్క మిల్లీమీటరు. అదే రాశాను.

ఆఖరి పేజీ అడుగున కారణం, నాలుగు వరుసల్లో. తేదీ. సంతకం. సాక్షిగా ఆయన్ని సంతకం చేయమన్నాను. "నేనెందుకు?" అంటూనే చేశారు, వంకరగా, గీత దాటి.

9:15 నుంచి 2:50. తిని పడుకున్నాను. ఎండ గోడ మీద ఉండగానే నిద్ర పట్టింది, ఆయన లేపేదాకా తెలియలేదు. ఇప్పుడు 5:30. మళ్లీ ఆకలి వేస్తోంది.